హరీస్ కుండ కింద భూకంపం

ఒమాన్‌లో నువ్వేం పని చేస్తావని ఎవరైనా అడిగితే, ఇళ్ళలోకి ముందుగా పోవడం నా పని అని చెబుతాను. నవ్వుతారు. కానీ నిజమే. మా ఆయన గ్యాస్ లైన్ల పని చేస్తాడు. ఇక్కడి ఇళ్ళలో సిలిండర్ బయట ఒక ఇనుప గూట్లో ఉంటుంది, పొయ్యి లోపల ఉంటుంది, రెంటినీ కలిపే రాగి గొట్టం గోడలోంచి పోతుంది. పగటిపూట మగవాళ్ళంతా డ్యూటీల్లో ఉంటారు. ఆడవాళ్ళు మాత్రమే ఉన్న ఇంట్లోకి పరాయి మగవాడు రాకూడదు. అందుకని నేను ఈ దేశానికి రాకముందు మా ఆయన ప్రతి గేటు ముందూ ఎండలో నిలబడి, ఆ ఇంటి మగమనిషి ఎవరో ఒకరు వచ్చేదాకా కాచుకునేవాడు. పని అరగంట, కాపు అరపూట.

నేను బర్కాకు వచ్చాక ఆ కాపు తప్పింది. నేను సలాం చెప్పి లోపలికి పోతాను. ఇంటి ఆడవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి, వాళ్ళు పక్కగదిలోకి జరిగాక ఆయన్ని పిలుస్తాను. మొదట్లో అంతే. పోనుపోను, లోపలి పని కొంత నా చేతికే వచ్చింది. సబ్బునీళ్ళు నురగ కొట్టి, కుంచెతో గొట్టం అతుకుల మీద పూసి, బుడగ లేస్తుందేమో చూడడం నా వంతు. బుడగ లేవకపోతే "అల్‌హందులిల్లా" అని పైకే అంటాను. అది బయట ఉన్న ఆయనకు గుర్తు. అంతదాకా కొంచెమే తెరిచిన సిలిండర్ మరను అప్పుడు పూర్తిగా తిప్పేస్తాడు.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాన్న కడపలో పరుపులు కుట్టేవాడు. నాకు తెలుగు ఆయనే నేర్పాడు, ఇంట్లోనే. పరుపు గుడ్డను నేల మీద పరిచి, కొలతలు గీసే సుద్దతో దాని మీదే అక్షరాలు రాసేవాడు. నేను దిద్దడం అయ్యాక దూది నింపి కుట్టేసేవాడు. నా గుణింతాల మీద మా ఊళ్ళో ఎంతమంది నిద్రపోయారో ఆ అల్లాకే తెలియాలి. ఆ మనిషి అంత ఓపిగ్గా నేర్పబట్టే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను. తలుచుకున్నప్పుడల్లా ఆయనకోసం ఒక దువా చేసుకుంటాను.

ఇక అసలు సంగతి. సముద్రానికి అవతల ఇరాన్ వైపు భూమి కదిలినప్పుడు, ఇక్కడ కూడా అప్పుడప్పుడు కొంచెం ఊగుతుంది. అలా ఒకరోజు మస్కట్‌లోని పెద్ద బిల్డింగులు కాస్త ఊగాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత మా ఆయనకు ఫోన్ల మీద ఫోన్లు. భూమి ఊగితే గ్యాస్ దానంతటదే ఆగిపోయే వాల్వు ఉందట కదా, బిగిస్తావా అని. ఆయన దుకాణాలన్నీ తిరిగి తెచ్చాడు. అరచేతిలో ఇమిడే ఇత్తడి ముక్క. లోపల ఒక ఉక్కు గోళీ చిన్న గూట్లో కూర్చుని ఉంటుంది. గట్టిగా ఊపితే గూట్లోంచి జారి గ్యాస్ దారికి అడ్డం పడుతుంది. పైన చిన్న అద్దం కిటికీ. గోళీ గూట్లో ఉంటే పచ్చరంగు, పడితే ఎరుపు. అంతా చూసుకున్నాక పక్కనున్న మరను తిప్పితే గోళీ మళ్ళీ గూటికెక్కుతుంది. మేము దాన్ని భూకంపం వాల్వు అనేవాళ్ళం.

ఆ ఫోన్లలో ఒకటి మస్కట్‌లోని అజైబా నుంచి వచ్చింది. ఒక ఒమానీ అబ్బాయి, ఆఫీసు ఉద్యోగం. బిల్డింగు ఊగినప్పుడు ఆరో అంతస్తులో ఉన్నాడట. తనకంటే ఎక్కువ రుస్తాఖ్‌లో ఒంటరిగా ఉంటున్న తల్లి గురించి భయపడ్డాడు. మా ఆయన్ని సదీఖ్ అనేవాడు, మిత్రమా అని. "సదీఖ్, మా అమ్మ పెద్ద కుండలో వండుతుంది. గంటలకొద్దీ మంట. ఆ వాల్వు పెట్టు. అది సరిగ్గా పనిచేస్తే గ్యాస్ ఉంటుంది. లేదంటే తీసేసి ఎలక్ట్రిక్ పొయ్యి పెడతాను" అన్నాడు.

అట్లా మేము రుస్తాఖ్ పోయాం.

ఆ పెద్దావిడ గేటు దగ్గరికే ఎదురొచ్చింది. నేను ఉమ్మీ అని పిలిచాను, అమ్మా అని. ఆమె నన్ను బింతీ అంది, బిడ్డా అని. ఆమె అరబీలో హిందీ కలిపేది, నేను ఉర్దూలో ఏదో కలిపేదాన్ని, అందని చోట చేతులు మాట్లాడేవి. వంటిల్లు చూపించమంటే ముందు కూర్చోమంది. ఖర్జూరాలు, తర్వాత యాలకుల వాసనతో ఖహ్వా, అంటే ఇక్కడి కాఫీ, చెవిలేని చిన్న కప్పులో.

బయటినుంచి మా ఆయన కేక. "ఏందిమే, పొయ్యి యాడుండాదో చూసి చెప్పమంటే కూసుంటివా?"

"ఖర్జూరాలు పెట్టినారు. ఒద్దంటే మర్యాద కాదని మీరే కదా చెప్పింది!"

"ఒకటి తినమంటి. పళ్ళెం ఖాళీ చెయ్యమంటినా?"

"మీకు రెండు చున్నీ కొసన కట్టినాలే, గమ్ముగుండండి."

ఆమెకు మా మాటలు అర్థం కాలేదు కానీ సంగతి అర్థమైంది. పళ్ళెం నిండా ఖర్జూరాలు, ఫ్లాస్కు ఆయనకు బయటికి పంపించింది. మూడో కప్పు పోయబోతుంటే నేను కప్పును వేళ్ళ మధ్య అటూ ఇటూ ఆడించాను. ఇక చాలు అని చెప్పడానికి ఇక్కడి పద్ధతి అదే. ఆడించనంతసేపూ పోస్తూనే ఉంటారు. అప్పుడు నాకు తోచింది.

"ఉమ్మీ, మేము తెచ్చింది కూడా ఈ కప్పు లాంటిదే. ఊగిందంటే పోయడం ఆగిపోతుంది."

ఆమె నా చేతిలోంచి వాల్వు తీసుకుని ఊపింది. లోపల టక్కుమంది. కిటికీ ఎర్రబడింది. మళ్ళీ ఊపింది. "ఎంత మర్యాద తెలిసిన ఇత్తడి!" అని నవ్వింది.

ఆమె పెద్ద వంట ఇంట్లో కాదు, పెరట్లో ఉన్న బయటి వంటింట్లో. అక్కడ మోకాలెత్తు ఇనుప స్టాండు మీద ఒక పెద్ద పొయ్యి. దాని మీద ఆమె ప్రతి గురువారం హరీస్ వండేది. నానబెట్టిన గోధుమలు, మాంసం కలిపి పొద్దున్నుంచి ఉడికించి, సాయంత్రం పొడుగాటి కొయ్య తెడ్డుతో కొట్టి కొట్టి ముద్ద చేస్తారు. మన హలీంకు చెల్లెలు అనుకోవచ్చు, కారం లేని చెల్లెలు. ఆమె భర్త పోయినప్పటి నుంచి, ఆయన పేరు మీద ఆ చుట్టుపక్కల ఖర్జూరం తోటల్లో పనిచేసే వాళ్ళ రూములకు పంపుతుంది. అక్కడ మన నిజామాబాద్ వాళ్ళున్నారు, కడప వాళ్ళున్నారు, బంగ్లాదేశ్ వాళ్ళున్నారు.

"మా వాడు కరెంటు పొయ్యి అంటాడు. దాని మీద నా కుండ కూర్చుంటుందా? ఒంటె మీద ఏనుగు!" అంది.

ఆ కుండ చూస్తే నిజమే. నేను అందులో కూర్చోవచ్చు.

ఇప్పుడు చిక్కు చెబుతాను. వాల్వును కదలని గోడకు గట్టిగా బిగించాలి. అది నియమం. గొట్టం గోడలోంచి వచ్చే చోట మా ఆయన పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టి డ్రిల్లు తీశాడు. తలుపు అవతల నిలబడి ఉన్న పెద్దావిడ "లా, లా, లా!" అని అరిచింది, వద్దు వద్దని. ఆ గోడకు కొత్తగా టైల్సు వేయించింది. నీలం పూల టైల్సు. ఏ పూవు ఏ పూవు పక్కన రావాలో తనే దగ్గరుండి పెట్టించుకుందట. దాంట్లో బెజ్జం వేస్తే పగులుతుంది కదా అని ఆమె బాధ.

మా ఆయన పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పలేడు. వాళ్ళ అమ్మ పెరుగన్నంలో చక్కెర వేసినా తినేవాడు. డ్రిల్లు దించేసి అటూ ఇటూ చూశాడు.

"ఇనుప స్టాండు కూడా గట్టిదే కదా. దీనికే బిగిస్తా. గోడకంటే ఇదే మేలు."

"గోడకే బిగించాలని పోయిన ఇంట్లో చెప్పినారే?"

"ఆడ పెద్దమ్మ లేదుప్పా," అన్నాడు. అదే ఆయన లెక్క.

నాకూ ఆ నీలం పూలు బాగున్నాయి. నేనూ సరేనన్నాను. స్టాండుకు బిగించాడు. నేను నురగ పూశాను. బుడగ లేదు. ఆమె పాలు కాచి చూసింది, నీళ్ళు మరిగించి చూసింది. కిటికీ పచ్చగా ఉంది. అల్‌హందులిల్లా అనుకుని ఇంటికొచ్చాం.

ఆ గురువారం సాయంత్రం ఫోన్ మోగింది. ఆమె ఆయనకు చేయదు, నాకే చేస్తుంది.

"బింతీ! జల్‌జలా! జల్‌జలా వచ్చింది!"

భూకంపం అని. "ఉమ్మీ, మీరెక్కడున్నారు? గోడలు బాగున్నాయా?"

"పెరట్లో ఉన్నాను. పక్కింటి వాళ్ళను కూడా పిలిచాను. మేకల్ని కూడా బయటికి తోలాం. గోడలు బాగున్నాయి."

"మరి భూకంపం అని ఎట్లా తెలిసింది?"

"నీ గోళీ చెప్పింది! మంట ఆగిపోయింది. కిటికీ ఎరుపు."

వెనకాల ఎవరెవరో గట్టిగా దువాలు చదువుతున్నారు, మేకలు అరుస్తున్నాయి. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మంచం మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"ఈడేం కదల్లేదే?" అన్నాడు.

"పండుకున్నోళ్ళకు భూకంపం యాడ తెలుస్తాది?"

"పోనీ నీకు తెలిసిందా? నిలబడే ఉన్నావే."

తెలియలేదు. అయినా రుస్తాఖ్ కొండల మధ్య ఉంది కదా, అక్కడ మాత్రమే కదిలిందేమో అనుకున్నాం. వాల్వు తన పని తాను చేసిందని సంతోషించాం కూడా. ఆమెకు మర ఎలా తిప్పాలో ఫోన్లో చెప్పాను. మంట మళ్ళీ వెలిగించేలోగా హరీస్ చల్లబడి గట్టిపడిపోయిందట. ఆ రోజు రూములకు పంపలేకపోయింది. "సున్నంలా అయింది, గోడకు పూయొచ్చు" అంది.

కాసేపటికి కొడుకు ఫోన్. "సదీఖ్, ఏం భూకంపం? ఎవరికీ తెలియదే! మా అమ్మ మాట విని సగం దారి వచ్చేశాను. దారిలో పెట్రోలు బంకులో అడిగితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు."

తర్వాతి గురువారం మళ్ళీ అదే. ఈసారి ఇరుగుపొరుగు అందరూ పెరట్లోకి రాలేదట. సగంమంది గోడ మీదుగా తొంగిచూసి, "మీ వంటింటికి మాత్రమే వచ్చే భూకంపమా?" అని నవ్వారట. ఆమె నాకు ఫోన్లో చెప్పేటప్పుడు గొంతు చిన్నబోయింది. మరకు అలవాటు పడింది, తిప్పుకోగలదు. కానీ హరీస్ రెండోసారీ పాడైంది. అంతకంటే, ఆ నవ్వు ఆమెకు తగిలింది.

కొడుకు ఇక ఆగలేదు. మా ఆయనతో, "వచ్చే గురువారం నేను ఎలక్ట్రిక్ పొయ్యి తీసుకుని వస్తున్నా. నువ్వు పొద్దున్నే పోయి గ్యాస్ లైన్ తీసెయ్. వాల్వు నమ్మదగింది కాదు, లేదా మా అమ్మ ఏదో చేస్తోంది. రెండిట్లో ఏదైనా నాకు భయమే" అన్నాడు. కోపంగా కాదు. దిగులుగా అన్నాడు. తల్లి మీద ప్రేమ ఉన్న కొడుకును ఏమనగలం?

మా ఆయన ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు. "పెద్దమ్మ పొయ్యి ఆర్పే పని నాకే పడెనే" అని ఒకటే గొణుగుడు. కొత్త వాల్వు ఒకటి కూడా సంచిలో వేసుకున్నాడు, ఒకవేళ పాతదాంట్లోనే లోపముంటే మార్చి చూద్దామని.

గురువారం పొద్దున్నే పోయాం. ఆమె తలుపు తీసింది, సలాంకు బదులు చెప్పింది, కూర్చోమంది. ఖహ్వా తేలేదు. ఖర్జూరాలు తేలేదు. ఈ దేశంలో శత్రువు వచ్చినా ముందు ఖహ్వా పోస్తారు. అది రాలేదంటే ఆమె మనసు ఎంత కష్టపడిందో నాకు తెలిసింది. మేము వచ్చింది ఆమె పొయ్యి పీకడానికి కదా.

మా ఆయన బయటి వంటింట్లోకి పోయి వాల్వు విప్పాడు, ఊపాడు, వంచాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ బిగించాడు. పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టాడు. స్టాండును వేలితో కొట్టాడు. కిటికీ పచ్చగా నవ్వుతోంది. కొత్తది మార్చాడు. అదీ పచ్చగానే నవ్వింది.

"దీంట్లో ఏం లోపం లేదు మే. రెండూ బాగానే ఉండాయి."

"మరి గోళీ ఊరికే పడుతుందా?"

"ఏమోప్పా. రుస్తాఖ్‌లో జిన్నులుంటాయంటారు."

"జిన్నులకు గురువారమే సెలవా?"

అనేశాక నేనే ఆగాను. గురువారమే. రెండుసార్లూ గురువారమే, సాయంత్రమే. లోపలికి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఆడవాళ్ళం, మొదట అడిగేది అదే కదా, పొయ్యి మీద ఏముందని.

"ఉమ్మీ, మంట ఆగినప్పుడు పొయ్యి మీద ఏముంది?"

"హరీస్. గురువారం ఇంకేముంటుంది?"

"ఉడుకుతున్నప్పుడు ఆగిందా?"

ఆమె ఆలోచించింది. "లేదు. కొడుతున్నప్పుడు."

"రెండుసార్లూ?"

"రెండుసార్లూ." ఆమె ఇంకా నన్నే చూస్తోంది. "కొట్టేటప్పుడు నాకు నేల ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది, బింతీ. నలభై ఏళ్ళ బట్టీ."

నాకు నవ్వు ఆగలేదు. మా కడపలో రంజాన్ నెలలో హలీం కొట్టే వాళ్ళను చూశాను. వాళ్ళ దెబ్బకు పక్క అంగట్లో గాజు గ్లాసులు మోగేవి. కానీ మా ఆయనకు చెబితే నమ్మలేదు. "ఒక ముసలామె తెడ్డు తిప్పితే ఇంత ఇనుము ఊగుతాదా?"

"చూద్దాం. వండిద్దాం."

ఆమె ఒప్పుకోలేదు. కొడుకు వచ్చే వేళకు కుండ పొయ్యి మీద ఉండి, అతని కళ్ళముందే మంట ఆగిపోతే ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు కదా. "వద్దు బింతీ. ఇవాళ వండను. మర్యాదగా ముగిసిపోనీ."

"గోధుమలు నానబోయలేదా మరి?"

నేను లేచి వంటింట్లో మూత తీసి చూశాను. పెద్ద గిన్నె నిండా గోధుమలు, తెల్లగా ఉబ్బి ఉన్నాయి. రాత్రే పోసింది. పొయ్యి పోతుందని తెలిసి కూడా పోసింది. ఆ గిన్నె చూసి నాకు కళ్ళు చెమర్చాయి. నమ్మకం అంటే మా అమ్మ ఏదేదో చెప్పేది గానీ, నానబోసిన గోధుమల్లాగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

"బిస్మిల్లా అనండి ఉమ్మీ," అన్నాను. "ఆగిపోతే నేనే మీ అబ్బాయికి చెబుతాను, భూకంపం నేనేనని."

కుండ ఎక్కింది. అప్పుడు ఖహ్వా కూడా వచ్చింది. మధ్యాహ్నం నమాజు ఆమె పక్కనే చదువుకున్నాను. ఉల్లిపాయలు కోశాం. తన పెళ్ళినాటి కథలు చెప్పింది. మా ఆయన బయట నీడలో పడుకుని, మధ్యలో లేచి కిటికీ చూసి, పచ్చగానే ఉందని మళ్ళీ పడుకున్నాడు. సాయంత్రం అసర్ నమాజు వేళకు గోధుమ మెత్తబడింది. మంట చిన్నది చేసి, ఎముకలు ఏరేసి, ఆమె తెడ్డు నా చేతికిచ్చింది. అది నా భుజం అంత ఎత్తుంది.

మా ఆయన గోడవైపు కూర్చుని వాల్వునే చూస్తున్నాడు. ఆమె తలమీద ముసుగు సర్దుకుని తలుపు దగ్గర నిలబడింది. నేను కొట్టాను. ఒకటి, రెండు, పది.

"ఏమన్నా అయ్యిందా?"

"పచ్చ," అన్నాడు ఆయన. "నే చెప్పలా?"

పెద్దావిడ నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. "బింతీ, నువ్వు కొడుతున్నావా, నిద్రపుచ్చుతున్నావా?" అని తెడ్డు లాక్కుంది. అంగీ చేతులు పైకి మడిచింది. స్టాండు కాలికి ఒక పాదం ఆనించింది.

దబ్. దబ్. దబ్.

నేల ఊగింది. నిజంగానే ఊగింది. స్టాండు కాళ్ళు బండమీద టకటకమన్నాయి. వాల్వు స్టాండుతో పాటు గజగజలాడింది. టక్ అని చిన్న చప్పుడు.

"పడె!" అని మా ఆయన అరిచాడు. "పడెనే! ఎర్రగయ్యె!"

మంట మినుకుమని ఆరిపోయింది. మేము ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం. మొదట ఆమె నవ్వింది. తర్వాత నవ్వి నవ్వి నిలబడలేక గోడకు ఆనుకుంది. "నేనా? ఆ జల్‌జలా నేనా? మేకల్ని కూడా తోలాను కదా!"

మా ఆయన తల గోక్కున్నాడు. "వాల్వు తప్పు కాదు పెద్దమ్మా. నాదే. గోడకు బిగించాల్సింది స్టాండుకు బిగిస్తి. మీ దెబ్బ అంతా దానికే తగుల్తాంది. గోడకైతే తగల్దు. గోడ ఊగాలంటే భూమే ఊగాల." అవే మాటలు నేను ఆమెకు హిందీలో చెప్పాను.

ఆమె నవ్వు ఆపి నీలం పూల వైపు చూసింది. కుండలో హరీస్ వైపు చూసింది. అది అప్పటికే అంచుల దగ్గర గట్టిపడడం మొదలుపెట్టింది.

"ఏ పూవు?" అంది.

మా ఆయన రెండు పూల మధ్య తెల్లటి చోటు చూపించాడు. ఆమె దగ్గరికి పోయి, ఆ టైలును అరచేత్తో ఒకసారి తుడిచింది. "కొట్టు," అని బయటికి వెళ్ళిపోయింది. చూడలేక.

డ్రిల్లు జారకుండా టైలుకు టేపు అంటించి, మెల్లగా, మొదట నెమ్మదిగా తిప్పి, తర్వాత లోపలి గోడలోకి దించాడు. నేను నోట్లోనే దువా చదువుతూ నిలబడ్డాను. రెండో బెజ్జం దగ్గర చిన్న గీత పడింది, వెంట్రుకంత. పూవు దాకా పోలేదు. వాల్వును గోడకు బిగించి, అక్కడినుంచి పొయ్యికి మెత్తటి గొట్టం వేశాడు. నేను అతుకు అతుకుకూ నురగ పూశాను. బుడగ లేదు. "అల్‌హందులిల్లా!" అన్నాను, ఎప్పటికంటే గట్టిగా. మంట లేచింది.

అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది. కొడుకు పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి పెరట్లో దించాడు. మా ఆయన వైపు చూశాడు, గోడమీద వాల్వు చూశాడు, పొయ్యి మీద కుండ చూశాడు.

"తీసెయ్యమన్నాను కదా, సదీఖ్?"

"సార్, ఒక్క పది నిమిషాలు. మీ అమ్మగారు కొడతారు. మీరు ఇక్కడ కూర్చుని ఈ కిటికీ చూడండి."

"ఏం కొడుతుంది?"

"భూకంపం," అన్నాను తలుపు చాటునుంచి. అతనికి అర్థం కాలేదు. తల్లి సంగతంతా అరబీలో గబగబా చెప్పింది, చేతులతో మేకల్ని కూడా తోలి చూపించింది. అతను నవ్వు ఆపుకోవడానికి ఆకాశంలోకి చూశాడు. "సగం దారి వచ్చాను, అమ్మా, నీ తెడ్డు కోసం" అన్నాడు.

"పూర్తిగా రావాల్సింది. హరీస్ అయినా పాడవకుండా తినేవాడివి."

అతను ఆ అట్టపెట్టె మీదే కూర్చుని కిటికీ వైపు తిరిగాడు. ఆమె తెడ్డు ఎత్తింది. ఈసారి నవ్వు లేదు. నేను ఆమె మొహం చూస్తూనే ఉన్నాను. పెదవులు కదులుతున్నాయి. ఏం చదువుకుంటోందో నేను అడగలేదు.

దబ్. దబ్. స్టాండు ఊగింది. కుండ ఊగింది. మెత్తటి గొట్టం పాములా కదిలింది. గోడ కదల్లేదు.

"పచ్చ," అన్నాడు కొడుకు.

దబ్. దబ్. దబ్. గట్టిపడ్డ అంచులు విడివడి మెత్తబడుతున్నాయి. ఆమె చెమట తుడుచుకోలేదు. నేను ముందుకు పోయి ముసుగు కొసతో నుదురు అద్దాను. ఆపకుండా కొడుతూనే ఉంది.

"పచ్చ," అన్నాడు అతను మళ్ళీ. కాసేపటికి చెప్పడం మానేశాడు. ఊరికే చూస్తున్నాడు, కిటికీని కాదు, తల్లిని.

తోటల వైపునుంచి సైకిళ్ళ గంటలు వినిపించాయి. రెండు వారాలు హరీస్ రాకపోయేసరికి ఏమైందో కనుక్కుందామని, స్టీలు గిన్నెలు పట్టుకుని వాళ్ళే వచ్చేశారు. గేటు దగ్గర ఆగి సలాం చెప్పారు. ఒకడు నిజామాబాద్ యాసలో పక్కవాడితో అంటున్నాడు, "వాసనొస్తున్నదిరా, ఉన్నట్టే ఉన్నది."

కొడుకు లేచి అట్టపెట్టెను కాలితో పక్కకు జరిపాడు. "అమ్మా, దీన్నేం చెయ్యను?"

"నీ అజైబాలో పెట్టుకో. నీకు టీ కూడా పెట్టుకోవడం రాదు, నేర్చుకుంటావు."

తెడ్డు ఎత్తి చూసింది. హరీస్ తీగలా సాగి, నిదానంగా కుండలోకి జారింది. గింజ ఒక్కటి కూడా కనబడలేదు. ఆమె తెడ్డును కుండకు అడ్డంగా పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగింది. పొయ్యి మర దగ్గరికి నేను చెయ్యి చాపితే వారించింది.

"ఉండు. ఇప్పుడు ఆపొచ్చు," అంది. "అయిపోయింది కాబట్టి."

తన చేత్తోనే తిప్పింది. మంట తగ్గి, నీలంగా ఒక్క క్షణం నిలిచి, ఆరింది.